మోటారుబండి ముందరి కమాను



కరీంనగరమునకు బస్సులో వచ్చు పల్లెవారిలో "కమాన్ కాడ దింపుండ్రి" అని యడుగనివారు తక్కువ. ఆ కమాను పట్టణమున నిలిచియున్న తోరణద్వారము. అదే పట్టణమున లారీలు బారులు తీర్చు వీథులలో మఱియొక కమాను కలదు. అది యుక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి బిగించిన కట్ట. బండి బరువును చక్రములపై మోయునది. రెండింటికిని ఒకే పేరేల వచ్చెనని చిన్ననాడు మా గురువుగారి నడిగితిని. పార్సీ భాషలో కమానన విల్లు అని వారు సెలవిచ్చిరి. వంగిన ద్వారమును విల్లే, వంగిన యుక్కుకట్టయు విల్లే. ఒక్క భేదము కలదు. తోరణము కదలినచో కూలును. బండి కమాను కదలకున్నచో బండి కూలును. ఈ భేదమును గురువుగారు చెప్పలేదు. పదునైదేండ్ల క్రిందట నా మేనల్లుని బండి నాకు నేర్పినది.

చరిత్రమును గూర్చి ప్రసంగింపుమని రేడియోవారు కోరినపుడు కాకతీయులను గూర్చియో, ఎలగందుల కోటను గూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. ఆ పని చేయుటకు నాకంటె పెద్దలున్నారు. నేను మోటారుబండి ముందరి యిరుసును గూర్చి చెప్పెదను. సంస్కృతము చదివినవానికి ఇరుసుతో నేమి పని యని నవ్వవలదు. అక్షము, నాభి, అరములు, నేమి, కూబరము, యుగము అను మాటలను మేము చదువుకొన్నవారమే. ఇరుసు, కుండ, ఆకులు, పట్టా, నొగ, కాడి అని మీరు నిత్యము పలుకునవియు అవియే.

మా మేనల్లుని తాతగారు ధర్మపురికి దాపున గోదావరి యొడ్డునగల పల్లెలో కాపురముండిరి. 1940వ దశాబ్దమున వారొక ఫోర్డు బండిని పాతదానినే కొనిరి. అది ఏ మోడల్ అనబడు నాలుగు సిలిండర్ల బండి, 1930లో తయారైనది. ఇరువదేండ్లు నడచి, పిదప పశువుల కొట్టములో నిలిచినది. దాని మెత్తపై కోళ్లు గ్రుడ్లు పెట్టుట నేను కన్నులార చూచితిని. తాతగారు పోయిన పిమ్మట మేనల్లుడు దానిని బాగుచేయింపబూనెను. ఇంజను త్వరలోనే ప్రాణము పోసికొన్నది. ముందరి భాగము మాత్రము చెడియుండెను. ఒక పనివాడు దానిని బాగుచేయుటయే కాక, క్రొత్తకాలమునకు తగినట్లు మార్చియు నిచ్చెదనని చెప్పి, చెప్పినట్లే మార్చెను.

ఆ బండిలో మేనల్లుడును, వాని యేడేండ్ల కొడుకును కరీంనగరమునుండి జగిత్యాలకు పోవుచుండగా, గంగాధర దాటిన పిమ్మట, ముందరి చక్రమొకటి చిన్న గుంట యంచును తాకినది. గుంట పెద్దది కాదు. వేగమును గంటకు ముప్పదియైదు మైళ్లకు మించలేదు. అయినను చేతిలోని చక్రము పామును పట్టుకొన్నట్లు కొట్టుకొనసాగెను. బండి బాట విడిచి, వరిమడి గట్టు దాటి, వేపచెట్టును రాచికొని నిలిచెను. మేనల్లునికి మోచేయి వాచినది. పిల్లవానికి నుదుట నాలుగు కుట్లు పడినవి. ఆ మచ్చ నేటికిని ఉన్నది. చెట్టు రెండడుగులు ఇటుండినచో నేనీ ప్రసంగము చేయుచుండను.

"మామా, ఈ బండిని తూకమునకమ్మెదను, లేనిచో దీని ముందరి భాగమునంతయు కోసివేసి అంబాసడరు ముందరి భాగమును తగిలించెదను" అని మేనల్లుడనెను. ఈ రెండింటిలో మొదటిది కోపము, రెండవది ఆశ. ఏదియు చేయకమునుపు చక్రమెందుకు కొట్టుకొన్నదో తెలిసికొనుమని నేను చెప్పితిని. అది తెలియవలెనన్నచో కొంత వెనుకకు పోవలెను.

మన యెడ్లబండికి రెండే చక్రములు. ముందు చక్రమను మాటయే లేదు, త్రిప్పుపని యెడ్లది. కచ్చురమున కూర్చుండినవాడు ఎగిరిపడినను గడ్డి పరచుకొని సర్దుకొనెడివాడు. నాలుగు చక్రముల బండిని త్రిప్పుట యెంత కష్టమో తెలియవలెనన్నచో దేవుని రథమును చూడవలెను. మూల మలుపున కొయ్యదిమ్మలు చక్రముల క్రింద వేసి, వందమంది లాగి, సగము పూట కష్టపడి త్రిప్పుదురు. పడమటి దేశములలో నాలుగు చక్రముల గుఱ్ఱపుబండ్లకు ముందరి యిరుసునంతయు నడుమనొక సీలపై త్రిప్పెడివారు. అట్లు త్రిప్పినచో మలుపులో బండి యొరగి పడుట కలదు. మ్యూనిక్ నగరమున బండ్లు చేయు లాంకెన్‌స్పెర్గర్ అనునతడు ఇరుసును కదలనీయక, రెండు కొనలయందలి చక్రములను మాత్రము వేర్వేరు సీలలపై త్రిప్పు నుపాయమును కనిపెట్టెను. ఆకర్‌మాన్ అనునతడు 1818లో లండనులో దానికి హక్కుపత్రము తీసికొనెను. ఇప్పటికిని లోకము ఆకర్‌మాన్ పేరే చెప్పుచున్నది. కష్టపడినవాడొకడు, కీర్తి పొందినవాడొకడు. ఇది బండ్ల చరిత్రకు మాత్రమే పరిమితమైనది కాదు. నేడు మన మెకానిక్కులు కింగ్ పిన్ అనునది ఆ సీలయే.

బండికి కమాను వచ్చుటయు ఆ కాలముననే. ఉక్కుకమానులు అంతకుముందును కొన్ని బండ్లకుండెను గాని, వాటి క్రింద బరువైన దూలమొకటి తప్పనిసరిగా నుండెడిది. 1804లో ఇంగ్లండున ఓబదయా ఇలియట్ అనునతడు రెండు విండ్లను ఎదురెదురుగ కూర్చి, ఇరుసునకే నేరుగా బిగించి, ఆ దూలమును తీసివేసెను. బండి తేలికయయ్యెను.

పలుచని పట్టీలనేల పేర్చవలెను, లావైన పట్టీ నొక్కదానినే యేల వేయరాదు? ఈ ప్రశ్నకు నాకు జవాబు మా యింటి తాళపత్ర గ్రంథమునందు దొరకినది. నూఱాకుల గ్రంథమును రెండు చేతులతో పట్టి వంచినచో వంగును. అంచులవద్ద ఆకులొకదానిపై నొకటి జారును. ఆ యాకులనన్నిటిని జిగురుతో నంటించినచో అది పలకయగును. వంచినచో వంగదు, పట్టుపట్టినచో విరుగును. కమానునందును పట్టీలు జారవలెను. ఆ జారుటలో పుట్టు రాపిడి ఊపును కొంత మ్రింగును. గ్రంథము నడుమ త్రాడు దూర్చు రంధ్రమున్నట్లే కమాను నడుమ సెంటరు బోల్టు పోవు రంధ్రముండును. తుప్పుపట్టిన కమాను జిగురుపట్టిన గ్రంథమే.

ఉక్కు మాట వచ్చినది గావున మన గడ్డను గూర్చి యొక మాట చెప్పక తప్పదు. నేటి నిజామాబాదు జిల్లాలో, మన మెట్‌పల్లికి దూరము గానిచోట, కోనసముద్రమను గ్రామము కలదు. దానికి దాపున నున్న యూరు కమ్మర్‌పల్లి. పేరులోనే కమ్మరి యున్నాడు. 1820 ప్రాంతముల హెన్రీ వాయ్సీ అను వైద్యుడు, భూగర్భశాస్త్రము తెలిసినవాడు, అచ్చటికి వచ్చి ఉక్కు చేయు విధమును వ్రాసికొనెను. రెండు చోట్ల యినుమును కలిపి మూసలో కరగించి, చల్లార్చి, మరల మంటి పూతతో కాచి మెత్తబరచెడివారట. ఆ యుక్కును కొనుటకై ఇస్ఫహాన్ నుండి వర్తకుడు వచ్చి యచ్చట కూర్చుండెనని వాయ్సీ వ్రాసెను. 2010లో ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును, బెంగుళూరి జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును కలసి ఉత్తర తెలంగాణమున సంచరించి అనేక గ్రామములలో చిట్టెపు దిబ్బలను గుర్తించిరి. అయితే అభిమానముచే అసత్యము చెప్పరాదు. కోనసముద్రపు టుక్కు కత్తులకు తగినది, కమానులకు కాదు. దానిలో బొగ్గుపాలు మిక్కుటము; కమానునకు అందులో సగమైనను అక్కఱలేదు. కమాను పట్టీని ఎఱ్ఱగ కాచి నూనెలో ముంచినపిదప, మరల కొంత వేడిచేసి దాని పెళుసుదనమును పోగొట్టవలెను. పదను పెట్టుట సగము పని, పదను దింపుట సగము పని. ఈ సంగతి మన కమ్మరి కులములకు తరతరములుగ తెలిసినదే. నేడు వారి కొలుములలో గొడ్డళ్లు, కొడవళ్లగుచున్నవి లారీల పాత కమానుపట్టీలే.

మోటారుబండి మన రాజ్యమునకు ముందుగా ప్రభువుల యింటికి వచ్చినది. మహబూబ్ అలీఖాన్ తెప్పింపదలచిన రోల్స్‌రాయిస్ బండి, 1911లో వారు దివంగతులగుటచే, ఉస్మాన్ అలీఖాన్ కాలమున వచ్చి చేరెను. పసుపుపచ్చని యా బండిని చౌమహల్లా భవనమున చూడవచ్చును. ఉత్సవములకు మాత్రమే బయలుదేరినది గావున దాని కమానులకు మన బాటల రుచి తెలియదు. బాటల రుచి తెలిసినవి బస్సులు. 1932 జూనులో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను స్థాపించిరి. ఆ తొలినాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండునుండి వచ్చినవి. బరువు మోయు అట్టి బండ్లకు ముందరి యిరుసుపై కమానులు రెండు, నిలువునా, కుడియెడమల నుండును. లారీలకు నేటికిని అంతే.

ఫోర్డు బండి త్రోవ వేరు. 1908 నుండి 1927 వరకు వచ్చిన టీ మోడలుకును, 1927 చివరనుండి 1931 వరకు వచ్చిన ఏ మోడలుకును ముందు ఒకే కమాను, అదియు అడ్డముగా నుండును. కావడిబద్ద నెఱిగినవారికి దీనిని చెప్పుట సులభము. కావడిలో నడుమ భుజము మోయును, కొనలయందు బరువు వ్రేలాడును. ఫోర్డు కమానులో బరువు నడుమ నుండును, కొనలు మోయును. తలక్రిందులైన కావడి యన్నమాట. కొనలను ఇరుసునకు షాకిళ్లను చిన్న లంకెలతో తగిలింతురు. ఆ లంకెలు ఊగునవి గావున ఇరుసు ముందువెనుకలకు పోకుండ రెండు కడ్డీలు ఇరుసు కొనలనుండి బయలుదేరి, వెనుక నొకచో కలసి, ఇంజను వెనుకభాగమున క్రిందుగానొక గుండుపై కూర్చుండును. దీనిని విష్‌బోన్ అందురు. ఆ గుండు ఎంత క్రిందుగా నుండవలెనో లెక్క కలదు. దానినిబట్టి ఇరుసు, ఇరుసుతోపాటు కింగ్ పిన్నులు, తల కొంచెము వెనుకకు వాల్చియుండును. ఆ వాలును కాస్టరు అందురు. ఆ వాలుచే చక్రము త్రిప్పినవాని చేయి విడిచినపుడు తనంతట తిన్నబడును.

ఇప్పుడు వణకు సంగతి. తిరుగుచున్న బొంగరము తలను ఒక ప్రక్కకు నొక్కిచూడుడు. నొక్కిన వైపునకు పోక, దానికి అడ్డమైన దిక్కునకు పోవును. బండి చక్రమును తిరుగు బొంగరమే. ఒకే యిరుసున రెండు చక్రములు బిగించియున్నపుడు, ఒకటి ఱాయెక్కినచో ఇరుసు వాలును, రెండు చక్రములును వాలును. వాలిన బొంగరము లడ్డముగ తిరుగజూచును. అనగా స్టీరింగు తనంతట తిరుగును. కింగ్ పిన్నులు బిగువుగా నుండి, లంకెలు వదులు కాక, ఊపును మ్రింగు సాధనముండినచో ఆ తిరుగుడు పుట్టినచోటనే అణగును. వదులున్నచో అటునిటు కొట్టుకొని పెరుగును. 1920 తర్వాత మెత్తని లావు టైర్లును, ముందు చక్రములకు బ్రేకులును వచ్చుటచే ఈ వ్యాధి లోకమంతట ముదిరినది. టీ మోడలునకు ముందు బ్రేకులు లేవు. ఏ మోడలునకు నాలుగు చక్రములకును బ్రేకులు వచ్చెను. దానితోబాటు ఊపు నణచుటకు నూనెతో పనిచేయు షాక్ అబ్జార్బర్లను ఫోర్డువారే బిగించి యిచ్చిరి.

ఈ చిక్కును మూలమంట విప్పినవాడు మోరిస్ ఆలీ యను ఆంగ్లేయుడు. రోల్స్‌రాయిస్‌లో పనిచేసి, 1930లో అమెరికాలోని కాడిలాక్ వారి కొలువున చేరినవాడు. అతడొక వింతబండి చేయించెను. దానిపై బరువులను ముందువెనుకలకు జరుపవచ్చును. కమానులను మెత్తగానో గట్టిగానో మార్చవచ్చును. దానిపై కూర్చుండి తిరిగి తిరిగి, అతడు కనుగొన్నదేమనగా ముందరి కమాను వెనుకదానికంటె మెత్తగ నుండవలెనని. అంతవరకు లోకము చేసినది దీనికి వ్యతిరేకము. గుంట ముందుగా ముందరి చక్రమునకు తగులును, క్షణము తరువాత వెనుకదానికి. ఊయలలు రెండింటిని ఒకదాని వెనుక నొకటి త్రోసినట్లుండును. వెనుకది కొంత వడిగా ఊగునదైనచో ముందరిదానిని అందుకొని రెండును కలసి ఊగును. మనిషి తల ముందునకు వెనుకకు విసరబడదు. కాని ముందరి కమానును మెత్తచేసినచో ఒకే యిరుసు బండి వణకును. కావున ఇరుసునే తీసివేయవలసి వచ్చినది. ఇటలీలో లాన్చియా వారు 1922లోనే తమ లాంబ్డా బండికి ముందు చక్రములను విడివిడిగా నిలిపియుండిరి. 1934లో జనరల్ మోటార్సువారు చాలబండ్లకు అట్లు చేసిరి. ఫోర్డువారు మాత్రము 1948 వరకు అడ్డకమానును విడువలేదు. పట్టుదలయో, పొదుపో, రెండునో.

ఇది తెలిసిన పిదప మా బండియొద్దకు మరలి వత్తము.

కరీంనగరమున నొక కమాను మేస్త్రి యుండెను. వయసు నాకంటె పెద్ద. మహబూబ్ ఘాటున విరిగిన లారీ కమానులను అర్ధరాత్రి పోయి మార్చివచ్చినవాడు. ఆయన బండి క్రింద పండుకొని చాలసేపు ఏమియు మాటాడలేదు. లేచి, చేతులు తుడుచుకొని, నాతో ననెను: "పంతులు సారూ, ఇది కమాను గాదు. దూలం. విల్లు మీద దూలం గట్టిండ్రు. గిది ఊగమంటే ఎట్ల ఊగుతది?"

మొదటి పనివాడు కుంగిన కమానును లేపుటకై జీపు కమానునుండి రెండు లావుపట్టీలను తెచ్చి కలిపియుండెను. తుప్పును కడుగలేదు. ఎండిపోయిన షాక్ అబ్జార్బర్లను తీసివేసి, వాటి స్థానమున ఏమియు పెట్టలేదు. గట్టి కమానునకు అవి యెందుకని తలచెను గాబోలు. క్రొత్త గేరుపెట్టెకు చోటు చాలదని విష్‌బోనును వెనుక రెండుగ చీల్చి, రెండు కొనలను చాసిస్ దూలములకు వేర్వేరుగ తగిలించెను. ఆ దూలములు పాత గుండుకంటె ఎత్తున నున్నవి. కడ్డీల వెనుకకొన లేచినచో ఇరుసు తల ముందునకు వాలును. అట్లు కాస్టరు పోయినది. చేయి విడిచినచో తిన్నబడు గుణము పోయినది. కింగ్ పిన్నుల బుష్‌లను మార్చనేలేదు. చక్రమును పట్టి కుదిపినచో టకటకలాడుచుండెను. ఇట్టి బండి గుంటను తాకినచో కమాను వంగదు, ఇరుసునంతటిని ఎగురవేయును. ఎగిరిన బొంగరములను ఆపువాడు లేడు.

ఆ పనివానిని నేను మూర్ఖుడనలేను. అతడు చేసిన పనులలో ఒక్కొక్కటి వేరొక బండికి తగినదే. విష్‌బోనును చీల్చుట అమెరికాలో పందెపు బండ్లకు చేయుదురు. చీల్చినవారు వెనుక కొనల యెత్తును లెక్కవేసి తగిలింతురు. జీపు కమాను జీపునకు మంచిది. మన యడవి జిల్లాలలో, ఉట్నూరు కెరమెరి వైపున, దానిని మించిన బండి లేకుండెను. మొదటి యుద్ధపుజీపులలో ఎడమవైపు ముందరి కమాను క్రింద అదనపు కమాను చిన్నదొకటి యుండెడిది. బ్రేకు వేసినపుడు బండి యొక ప్రక్కకు లాగకుండుటకు. కుడివైపున లేదని ఎడమదానిని తీసివేసినవారిని నేనెఱుగుదును. అది యేల యున్నదని అడిగియుండినచో తీసివేయకుందురు.

మేనల్లుడు అంబాసడరు ముందరి భాగమును గూర్చి మేస్త్రి నడిగెను. అంబాసడరునకు విల్లు లేదు. దానికి టోర్షన్ బారు లుండెను. పొడుగైన ఉక్కుకడ్డీ బట్ట పిండినట్లు మెలివడి బరువును మోయును. ఇంగ్లండులోని మోరిస్ బండ్లనుండి వచ్చిన యేర్పాటది. 1950వ దశాబ్దపు చివరనుండి 2014లో ఉత్తరపాడలోని కర్మాగారము మూతపడువరకు ఆ పేరుతో బండ్లు వచ్చెను. మన తహశీల్దార్లు, మంత్రులు ఎక్కి తిరిగిరి. మంచి యేర్పాటే. మేస్త్రి తల యూపి, ఫోర్డు చాసిస్ దూలమును రెండు చేతులతో పట్టి మెలిపెట్టి చూపెను. నిజముగ కదలినది. "ఇది నవారు మంచం. దీనికి గా కడ్డీలు తగిలిస్తే మంచమే మెలివడ్తది" అనెను. చక్రములను విడివిడిగ నిలుపవలెనన్నచో చాసిస్ గట్టిగ నుండవలెను. 1934లో ఆ మార్పు చేసినవారు చాసిస్‌లనుకూడ గట్టిపరుపవలసి వచ్చినది. ఫోర్డు దొర తన బండి చాసిస్ వంగుననియు, అడ్డకమాను నడుమ నొక్కచోట మాత్రమే పట్టియుండుటచే ఆ వంపు బాధింపదనియు ఎఱిగి చేసెను.

తరువాత పని మూడు వారములు సాగెను. మేస్త్రి కమానును విప్పి పట్టీలన్నిటిని నేలపై వరుసగ పరచెను. జీపు పట్టీలు రెండింటిని ప్రక్కన పడవేసెను. మిగిలినవాటి తుప్పు తోమి, కొనలవద్ద రాపిడిచే పడిన గాళ్లను అరగదీసి నున్నచేసెను. కుంగిన పట్టీలను కాల్చలేదు. కాల్చినచో పదను పోవును, మరల పెట్టుటకు కొలిమిలో వేడి సరిగ నిలువదు అని చెప్పి, చల్లగానే గాడిదిమ్మపై పెట్టి, అంగుళ మంగుళమునకు సమ్మెటతో కొట్టి వంపు తెచ్చెను. మధ్యమధ్య పెద్దపట్టీపై పెట్టి చూచుకొనెను. ఆ శబ్దమును వినుచు నేను బల్లపై కూర్చుండితిని. దెబ్బకు దెబ్బకు నడుమ ఎడము ఛందస్సులో గణము తప్పనట్లుండెను. పట్టీల నడుమ గ్రాఫైటు కలిపిన గ్రీజు పూసి, క్రొత్త సెంటరు బోల్టు వేసి బిగించిన పిమ్మట, ఇద్దరము కొనలయందు నిలిచి చూచితిమి. వంగినది, లేచినది.

విష్‌బోనును అతికించుటకు మేస్త్రి యొప్పుకొనలేదు. ఇరుసును పట్టు కడ్డీకి అతుకు వేయుట తనకు నచ్చదనెను. ఏ మోడలుకు కావలసిన సామాను అమెరికాలో నేటికిని క్రొత్తగ చేసి యమ్ముచున్నారు. దాదాపు ఏబది లక్షల బండ్లు చేయబడినవి గావున గిరాకి తీరలేదు. అచ్చటినుండి విష్‌బోనును, గుండును, కింగ్ పిన్నులను, షాకిళ్లను తెప్పించితిమి. బుష్‌లను సన్నని రీమరుతో తొలచి, కింగ్ పిన్ను బొటనవ్రేలి నొక్కునకు జారి, తనంతట తాను మాత్రము జారకుండునట్లు అమర్చెను. క్రొత్త గేరుపెట్టెను తీసి పాతదానిని పెట్టుట మేనల్లునికి కష్టముగ తోచినది గాని, పిల్లవాని నుదుటి కట్టు చూచి ఊరకుండెను.

మార్పు నొకదానిని మాత్రము మేస్త్రి తానే కోరెను. పాత షాక్ అబ్జార్బర్ల లోపలిభాగములు తినిపోయినవి. వాటికి బదులుగ నేటి గొట్టపు షాక్ అబ్జార్బర్లను రెండింటిని, చిన్న బిళ్లలపై, కొత్త రంధ్రము వేయక, ఉన్న రంధ్రములలోనే బోల్టులతో బిగించెను. "రేపెవరన్నా పాతయి దొరికితే ఇప్పి పెట్టుకుంటరు. మనం కోసినమంటే ఆళ్లకు చోటుండదు" అనెను. ఈ మాటను నేను వ్యాకరణశాస్త్రము చెప్పువారి నోట వినియుండవలసినది.

చివరకు ఇరుసు తల ఎంత వాలినదో కొలిచి, చక్రముల ముందరి యెడమును కొలిచి, బండిని నాతోనే బయలుదేరదీసెను. గంగాధర బాటలో ఆ గుంట యింకను ఉన్నది. మన బాటల గుంటలు స్థిరమైనవి. మేనల్లుడు వేగము తగ్గింపబోయెను. మేస్త్రి వలదని చేయి చూపెను. చక్రము గుంటలో దిగి లేచినది. స్టీరింగు ఒక్కసారి అదరి, తిన్నబడినది. మేనల్లుడు రెండు చేతులును తీసి నావైపు చూచెను. చేతులు పెట్టుమని నేను గట్టిగ నరచితిని. అదియే ఆ దినమున నాకు కలిగిన భయము.

మేస్త్రి యిప్పుడు లేరు. బండి యున్నది. గంటకు నలువది మైళ్లు మించి నడుపవలదని ఆయన పెట్టిన నియమమును మేనల్లుడు నేటికిని పాటించుచున్నాడు. దసరానాడు జమ్మిచెట్టువఱకు పోయివచ్చును. నుదుట మచ్చగల ఆ పిల్లవాడు ఏటేట విష్‌బోను గుండునకు గ్రీజు పెట్టును. ప్రక్కన పడవేసిన జీపు పట్టీలలో నొకదానిని మా యూరి కమ్మరి రెండు కొడవళ్లు చేసెను. రెండవది వంగక, విరుగక, మా పెరటిలో కోళ్ల గూటి తలుపునకు గడియగా నున్నది.